ఆరో నంబరు మీద పడ్డ తప్పు

మట్టి అయిపోయి గడ్డి మొదలయ్యే అంచు దగ్గర లైల్ ప్రూయెట్ మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నేలను తడిమి చూస్తున్నాడు. కంటికి అంతా చదునుగానే ఉంది. గడ్డి వేళ్లలో మట్టి చేరి చిటికెనవేలి మందాన గట్టు కడుతున్న సంగతి చేతికి మాత్రమే తెలుస్తుంది. అన్ని బేస్‌బాల్ మైదానాల్లోనూ ఆ గట్టు కడుతుంది. ఓల్డమ్ కాలేజీ మైదానంలో మాత్రం ఇరవై ఏడేళ్లుగా కట్టలేదు, లైల్ కట్టనివ్వలేదు. వారానికి రెండుసార్లు గట్టి చీపురుతో అంచంతా ఊడ్చి, మిగిలిన మట్టిని నీటి గొట్టంతో కొట్టి వెనక్కి తోసేస్తాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, షార్ట్‌స్టాప్ కాపలా కాసే చోటికి ఎదురుగా ఉన్న అంచును మాత్రం రోజూ ఊడుస్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పే రకమూ కాదు.

బుధవారం మధ్యాహ్నం కంచె అవతల కారు ఆగిన చప్పుడైంది. కోచ్ ఎమెట్ స్ట్రాడర్‌ని ఆయన కూతురు నోరీన్ చెయ్యి పట్టుకుని దింపింది. ఆయన వయసు ఎనభైకి రెండు తక్కువ. ముప్పై ఎనిమిదేళ్లు ఈ కాలేజీ జట్టును నడిపి, పదేళ్ల క్రితం దిగిపోయాడు. దిగిపోయాడన్న మాటే గానీ, మంచు పడని రోజంటూ ఉంటే మూడింటికి ఇక్కడ ఉండాల్సిందే. నడక బండి నెట్టుకుంటూ వచ్చి, ఆటగాళ్లు కూర్చునే డగౌట్ పక్కన బోర్లించిన తెల్ల బకెట్ మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకున్నాడు.

"ఏరా, ఇంకా గోకుతూనే ఉన్నావా? నేల కూడా సిగ్గుపడుతుందిరా ఇలా తడుముతుంటే."

"మీరు నేర్పిందే కదా కోచ్."

"నేను నేర్పినవన్నీ నేర్చుకుని ఉంటే ఎప్పుడో బాగుపడేవాడివి."

నోరీన్ నవ్వలేదు. రెండు నెలలుగా ఆమె మొహంలో నవ్వు లేదు. డాక్టరు చెప్పింది ఊరందరికీ తెలుసు, వేసవి దాటదని. అందుకే కాలేజీవాళ్లు తొందరపడ్డారు. శనివారం ఈ ఏటి ఆఖరి మ్యాచ్. దానికి ముందు మైదానానికి ఆయన పేరు పెడుతున్నారు.

"లైల్, కంచు పలక వచ్చింది. షెడ్డులో పెట్టించాను. రేపటికల్లా గేటు దగ్గర రాతికి బిగించాలట. నీకు వీలవుతుందా?" అంది నోరీన్.

"బిగిస్తాను."

"ముందు నాకు చదివి వినిపించు. చచ్చేవాడి గురించి ఏం రాశారో చచ్చేవాడికి తెలియొద్దూ?" అన్నాడు కోచ్.

"నాన్నా!"

"ఊరుకో అమ్మా. నువ్వు కారులో కూర్చో. మేం మగాళ్లం కాసేపు ఉమ్ముకుంటాం."

లైల్ షెడ్డులోంచి పలకను మోసుకొచ్చి బెంచీకి ఆనించాడు. పైన కోచ్ తల, టోపీతో సహా. పోలిక పెద్దగా కుదరలేదు. చేతి తొడుగు తీసి అక్షరాల మీద వేలు పెట్టుకుని చదివాడు. ఎమెట్ స్ట్రాడర్ మైదానం. ముప్పై ఎనిమిది సీజన్లు. ఎనిమిది వందల పన్నెండు విజయాలు. ఆఖరి వరుస దగ్గర వేలు ఆగింది. గొంతు మాత్రం ఆగలేదు.

"కాలేజీ చరిత్రలో ఏకైక నో-హిట్టర్. పిచ్చర్ గారెట్ హోల్‌కోమ్. మే మూడు, పంతొమ్మిది వందల తొంభై ఏడు."

కోచ్ గింజల తొక్కు ఉమ్మబోయి ఆగాడు. లైల్ జేబులోంచి గుడ్డ తీసి, పలక మీద తన వేలు పడ్డ చోటల్లా మరక లేకుండా తుడిచాడు. తర్వాత చీపురు తీసుకుని అంచు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ ఊళ్లో ఆ మ్యాచ్ గురించి తెలియనివాళ్లు లేరు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో అవతలి జట్టువాడు ఒక్కడు కూడా గారెట్ బంతిని కొట్టి సొంత ప్రతాపంతో బేస్ చేరలేకపోయాడు. ఒక్కడు చేరాడు గానీ అది వాడి గొప్ప కాదు, ఏడో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ బంతిని వదిలేశాడు కాబట్టి. కొట్టిన దెబ్బతో చేరితే హిట్. ఫీల్డరు తప్పుతో చేరితే అది బంతి విసిరే పిచ్చర్ ఖాతాలో పడదు, నో-హిట్టర్ నిలుస్తుంది. స్కోరు పుస్తకంలో ఒక్కో చోటుకి ఒక్కో అంకె, షార్ట్‌స్టాప్‌ది ఆరు. తప్పుకి ఇంగ్లీషు అక్షరం ఇ. ఆ రోజు ఆ గడిలో పడింది ఇ-సిక్స్. ఆ షార్ట్‌స్టాప్ లైల్ ప్రూయెట్.

*

గురువారం పొద్దున లైల్ డార్లా హోటల్లో అడుగుపెట్టగానే గల్లా దగ్గర కూర్చున్న ముసలాళ్ల గుంపు తలలు తిప్పింది.

"వచ్చాడండీ ఇ-సిక్స్! డార్లా, వీడికి కాఫీ చేతికివ్వకు, బల్ల మీద పెట్టు. చేతికిస్తే ఏమవుతుందో తెలుసుగా!"

ఇరవై ఏడేళ్లుగా అదే హాస్యం. పడమటి గాలికి తలుపు కొట్టుకున్నట్టు అలవాటైపోయింది. లైల్ రోజూ చేసే పనే చేశాడు, చెయ్యి వణికిస్తూ కప్పు అందుకున్నాడు. వాళ్లు రోజూ నవ్వినట్టే నవ్వారు. వీళ్లు చెడ్డవాళ్లు కారు. లైల్ వాళ్లమ్మ పోయినప్పుడు వారం రోజులు వంట గిన్నెలు మోసుకొచ్చింది వీళ్లే. కాకపోతే మనిషికి ఒకసారి పేరు పెట్టాక మళ్లీ మనిషి వైపు చూసే ఓపిక ఎవరికుంటుంది?

"పలకలో నీ పేరు కూడా ఎక్కించాల్సిందిరా. నువ్వు ఆ బంతి వదలకపోయుంటే అంత ఉత్కంఠ ఎక్కడిది?" అన్నాడు ఇంకొకాయన.

"నా పేరు రాయడానికి కంచు చాలలేదట," అన్నాడు లైల్.

మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్ల మీద వేడి గ్రేవీ పోసి తెచ్చిన డార్లా గొంతు తగ్గించి అంది: "ఆయన్ని తలుచుకుంటే ఏడుపొస్తోంది లైల్. ఆ తప్పు చేసినా కూడా నిన్ను వదల్లేదు చూడు. పని ఇప్పించాడు. అలాంటి మనిషి మళ్లీ పుడతాడా?"

లైల్ తలూపాడు. గ్రేవీ చల్లారిపోయేదాకా తినలేదు.

పదింటికి గేటు దగ్గర రాతికి కన్నాలు పెడుతుంటే వెనక నడక బండి చక్రాలు కిర్రుమన్నాయి. ఈసారి కోచ్ ఒంటరిగానే వచ్చాడు. నోరీన్ కారు దగ్గరే నిలబడి ఉంది, రావద్దని చెప్పినట్టున్నాడు.

"ఆ మిషను ఆపు."

లైల్ ఆపాడు. రాతి దుమ్ము కనురెప్పల మీద పేరుకుంది.

"అది తప్పు కాదురా," అన్నాడు కోచ్. "ఆ బంతి. అది హిట్. ఎవడి తాతా పట్టలేడు దాన్ని. అంచు మీద పడి పైకి లేచింది, నీ రొమ్ముకి కొట్టుకుంది. నేను డగౌట్ మెట్టు మీంచి చూశాను."

లైల్ కన్నంలో దుమ్మును నోటితో ఊదాడు.

"స్కోరు రాసే ఎల్డన్ మీక్స్ కూడా హిట్ అనే వేశాడు. స్కోరు బోర్డు మీద హిట్ దీపం వెలిగింది కూడా. అప్పుడు నేను డగౌట్ ఫోన్ తీసి పైన ప్రెస్ బాక్సులో ఉన్న వాడికి చేశాను. 'ఎల్డన్, ఇంకోసారి ఆలోచించుకో' అన్నాను. అంతే అన్నాను. వాడు లెక్కల మేష్టారు, గొడవలంటే భయం. ఇన్నింగ్స్ అయ్యేలోగా దీపం మార్చేశాడు." కోచ్ ఆయాసంతో ఆగాడు. "గారెట్‌ని చూసి ఎంచుకోవడానికి పెద్ద క్లబ్బు మనిషి వచ్చి గోడ వెనక కూర్చున్నాడు. ఒక్క కుర్రాడికైనా దారి దొరుకుతుందనుకున్నాను. నీకు ఒక అంకె. వాడికి జీవితం. అలా లెక్క వేసుకున్నాను."

"గారెట్ రెండేళ్లకే భుజం పోగొట్టుకుని వచ్చేశాడు కదా."

"ఔను. వచ్చి ట్రాక్టర్లు అమ్ముకున్నాడు." కోచ్ బండి పిడి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంకోటి ఉంది. ఆ రోజు పొద్దున నేల చదును చేసింది నేను. వర్షం వస్తుందని తొందర. గొలుసు చాపను గడ్డి దాకా లాగేశాను. మూరెడు ముందే ఆపి, ఎత్తి, అక్కడే దులపమని మీ అందరి ప్రాణం తీసేవాణ్ణి కదా? నేనే లాగేశాను. ఆ గట్టు నేను కట్టిందే."

లైల్ ఇప్పుడు తలెత్తాడు. ఫోన్ సంగతి అతనికి కొత్త కాదు. ఆ రోజు కోచ్ చేతిలో ఫోన్ చూశాడు, దీపం మారడం చూశాడు. రెండూ కలుపుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గట్టు సంగతి మాత్రం తెలియదు. ఇన్నేళ్లూ ఎవరి గట్టును ఊడుస్తున్నాడో తెలియకుండానే ఊడ్చాడు.

"శనివారం మైకులో చెప్పేస్తాను. అందరి ముందూ. పలక మీద ఆ వరుస చెరిపించేస్తాను. నీ పేరు మీద మచ్చ పెట్టుకుని నేను పోలేనురా."

లైల్‌కి ఏదో అనాలనిపించింది. లోపల భయంలాంటి ఆశ పుట్టింది. యాభై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి, పెళ్లాం వదిలేసి వెళ్లిన రోజున కూడా కన్ను తడవని మనిషి, రాతి దుమ్ము వంక పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఎండెక్కుతోంది, కారులో కూర్చోండి కోచ్," అన్నాడు చివరికి. పలకను ఎత్తి కన్నాలకు సరిచూసి, నాలుగు మరలూ బిగించాడు. చెరపాలంటే మళ్లీ ఊడదీయవచ్చు కదా అనుకుని, ఆఖరి చుట్టు తిప్పకుండా వదిలేశాడు.

శుక్రవారం సాయంత్రం పని ముగించుకుని ఇంటికెళ్లాక బీరువా పైనుంచి నాన్న అన్నం డబ్బా దించాడు. రేవులో ధాన్యం పడవలకు ఎత్తే పని చేసిన ముప్పై ఏళ్లూ నాన్న మోసిన రేకు డబ్బా అది. మూత లోపల జిగురు కాగితంతో అంటించిన పేపరు ముక్క పసుపు పచ్చగా ఎండిపోయి ఉంది. ఆ రోజు స్కోరు. అట్టడుగున సన్నటి అక్షరాల్లో: తప్పులు, ప్రూయెట్. కొడుకు పేరు పేపర్లో పడడం అదే మొదలూ ఆఖరూ కాబట్టి అంటించుకున్నాడో, ఇంకెందుకు అంటించుకున్నాడో లైల్ ఎన్నడూ అడగలేదు. ఆ రోజు ఇంటికొస్తూ ట్రక్కులో నాన్న అన్నది ఒక్కటే మాట: "చేతులు ఇంకాస్త కిందికి పెట్టాల్సిందిరా." లైల్ సరేనన్నాడు. అంత జనం నిలబడి చప్పట్లు కొట్టాక ఆయనతో ఏమని వాదించాలి?

నిలబడి చప్పట్లు కొట్టారు మరి. దీపం హిట్ నుంచి తప్పుకి మారగానే, గారెట్ ఘనత బతికిందని స్టాండు స్టాండంతా లేచింది. తన నెత్తిన తప్పు పడితే ఊరంతా పండగ చేసుకోవడం లైల్ షార్ట్‌స్టాప్ చోట నిలబడి చూశాడు. మూడో వరుసలో నాన్న కూడా లేచాడు. చప్పట్లు కొట్టాడో లేదో టోపీ నీడలో కనబడలేదు.

*

శనివారం మబ్బు పట్టింది గానీ వాన రాలేదు. స్టాండు నిండి జనం కంచె చుట్టూ నిలబడ్డారు. కోచ్ దగ్గర ఆడినవాళ్లే వందమంది దాకా వచ్చారు, పొట్టలు పెరిగి, పాత టోపీలు నెత్తిన బిగుసుకుపోయి. బంతిని కొట్టే చోటు, హోమ్ ప్లేటు వెనక మైకు పెట్టారు. పక్కన కుర్చీలో గారెట్ హోల్‌కోమ్, ఇస్త్రీ చొక్కా, భారీ ఉంగరం. లైల్ మామూలుగా నిలబడే చోటే నిలబడ్డాడు, పనిముట్ల షెడ్డు తలుపు దగ్గర, చేతిలో చీపురుతో. చీపురు అవసరం లేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకున్నాడు.

కాలేజీ అధ్యక్షుడు మాట్లాడాడు, పాస్టరు ప్రార్థన చేశాడు. తర్వాత నోరీన్ సాయంతో కోచ్ మైకు ముందు నిలబడ్డాడు. గొంతు సన్నబడింది గానీ మాట స్పష్టంగానే ఉంది.

"ఆ పలక మీద ఒక అబద్ధం ఉంది."

జనం చిన్నగా నవ్వారు. కోచ్ చమత్కారం అందరికీ తెలిసిందే.

"నో-హిట్టర్ అని రాశారు. ఆ రోజు ఏడో ఇన్నింగ్స్‌లో లైల్ ప్రూయెట్ తప్పు చేయలేదు. ఆ బంతి హిట్. స్కోరర్ హిట్ అనే వేశాడు. నేను ఫోన్ చేసి మార్పించాను. తప్పు నాది. వాడిది కాదు."

వంద టోపీలు షెడ్డు వైపు తిరిగాయి. వాటి కింద కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఉన్నది ఏమిటో గుర్తుపట్టడానికి లైల్‌కి కాస్త సమయం పట్టింది. అది జాలి.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంకెవరో లేచారు. చూస్తుండగానే స్టాండంతా లేచి నిలబడింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒకప్పటి ఆటగాళ్లు టోపీలు తీసి గుండెకు పెట్టుకున్నారు. కోచ్ చెయ్యెత్తాడు. "లేదు, వినండి. నేను నిజం..." మిగతాది ఆ హోరులో కలిసిపోయింది. గారెట్ లేచి, పెద్దాయన భుజం చుట్టూ చెయ్యి వేసి, మరో చేత్తో మైకు అందుకున్నాడు.

"చూశారా! ఇదీ కోచ్ అంటే!" అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్లూ ఇంతే. ఓడిపోతే తప్పు నాది అనేవారు, గెలిస్తే కుర్రాళ్లది అనేవారు. ఈ ఆఖరి రోజున కూడా తన కుర్రాడి తప్పు తన నెత్తిన వేసుకున్నారు. లైల్, ఎక్కడున్నావురా? అదృష్టవంతుడివిరా నువ్వు!"

బ్యాండు మొదలైంది. గేటు దగ్గర పలక మీద గుడ్డ లాగేశారు.

లైల్ కదల్లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు అతని చెయ్యి పట్టుకుని ఊపారు. హోటల్ ముసలాయన, రోజూ కప్పు హాస్యం ఆడేవాడు, టోపీ తీసి చెప్పాడు: "ఇకమీదట నిన్ను ఇ-సిక్స్ అనను లైల్. ఆయన మీద గౌరవంతో అనను." డార్లా కౌగిలించుకుని భుజం తడిపేసింది. "ఎంత పెద్ద మనసు లైల్! నీకోసం ఎంత మాట అనేశాడు!" అందరికీ లైల్ తలూపాడు. ఎవరితోనూ పోట్లాడాలనిపించలేదు. ఎవరితోనని పోట్లాడాలి? అబద్ధమాడినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు నిజం చెప్పేశాడు.

*

మ్యాచ్ అయిపోయింది, ఓల్డమ్ ఓడింది, జనం వెళ్లిపోయారు. ఇంకా వెలుగుంది. లైల్ చిన్న ట్రాక్టరుకి గొలుసు చాప తగిలిస్తుంటే కోచ్ తెల్ల బకెట్ మీద కూర్చుని కనిపించాడు. కొత్త కోటు వేసుకునే కూర్చున్నాడు. గింజలు లేవు.

"నమ్మలేదురా వాళ్లు," అన్నాడు.

"ఔను కోచ్."

"నువ్వు నమ్ముతావా?"

"నేను నమ్మడానికేముంది? బంతి తగిలింది నా రొమ్ముకే కదా. మీ చేతిలో ఫోన్ కూడా చూశాను."

కోచ్ అతని మొహంలోకి చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

"మొదట్నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఇన్నేళ్లు... ఒక్క మాట అడగలేదేంరా?"

లైల్ కొక్కెం బిగించి, అది గట్టిగా పట్టిందో లేదో లాగి చూశాడు. "మీరు చెబుతారనుకున్నాను. ఆ వేసవిలో చెబుతారనుకున్నాను. పని ఇప్పించినప్పుడు, ఇప్పుడు చెబుతారు కాబోలు అనుకున్నాను. ఆరేళ్ల క్రితం మా నాన్న పోయాడు. శవపేటిక ముందు పిడి మీరే పట్టుకున్నారు. తర్వాత మా వంటింట్లో కూర్చుని, నీ తండ్రి నిజాయితీపరుడు అన్నారు. ఆయన ఆ పేపరు ముక్క అన్నం డబ్బాలో పెట్టుకుని పోయాడు కోచ్. చేతులు కిందికి పెట్టలేదనుకుంటూ పోయాడు. నాకు ఈ ఊరివాళ్లు వినక్కర్లేదు. ఆయన ఒక్కడు వింటే సరిపోయేది."

జీవితంలో అంత పొడుగు మాట లైల్ ఎన్నడూ మాట్లాడి ఉండడు. అతని గొంతులో కోపం లేదు, అదే కోచ్‌కి తట్టుకోరానిదైంది. పెద్దాయన వేళ్లు నడక బండి పిడి మీద వెతుక్కున్నాయి.

"పేపరుకి రాస్తాను. సంతకం పెట్టి రాస్తాను. నోరీన్ చేత సోమవారమే..."

"రాయకండి."

"ఎందుకురా?"

"మళ్లీ చప్పట్లు కొడతారు."

నోరీన్ వచ్చింది. తండ్రి మొహం చూసి అలసటనుకుంది, ఇవాళ చాలా గొప్పగా జరిగింది కదా నాన్నా అంది. ఆయన గేటు దాటుతూ పలక ముందు ఒక్కసారి ఆగాడు, తన తలను తానే గుర్తుపట్టలేనట్టు చూశాడు. తర్వాత కారు వెళ్లిపోయిన చప్పుడైంది.

లైల్ ట్రాక్టరెక్కి మట్టి మీద నెమ్మదిగా గుండ్రాలు తిప్పాడు. గడ్డికి మూరెడు ముందే ఆపి, దిగి, చాపను ఎత్తి అక్కడే దులిపాడు. పని అయ్యాక జేబులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లి, గురువారం వదిలేసిన ఆఖరి చుట్టు నాలుగు మరలకూ తిప్పి గట్టిగా బిగించేశాడు. తిరిగొచ్చి చీపురు అందుకున్నాడు. వచ్చే ఏడు షార్ట్‌స్టాప్ చోట ఎవరో ఒకరు నిలబడతారు, వాడికి ఇవేవీ తెలియవు. లైల్ మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి అంచు మీద ఆనించి, కోచ్ కట్టిన గట్టు ఎక్కడైనా మిగిలి ఉందేమోనని తడమడం మొదలుపెట్టాడు.